కడుపులో ఉండగా కరువు, పెద్దయ్యాక బీపీ: ఒత్తిడి పరీక్ష ఎలా చేయాలి

తల్లి కడుపులో ఉండగా తిండి చాలనివాళ్లకు పెద్దయ్యాక బీపీ ఎక్కువ ఉంటుందా? ఈ ప్రశ్నతో థీసిస్ మొదలుపెట్టేవాళ్లు చాలావరకు రెండే రెండు అంకెలు పట్టుకుంటారు: పుట్టినప్పటి బరువు, కూర్చోబెట్టి కొలిచిన బీపీ. ఈ రెండూ అసలు సంగతిని దాచేయగలవు. ఆమ్‌స్టర్‌డామ్ అనుభవం అదే చెబుతోంది.

1944 సెప్టెంబరులో డచ్ రైల్వే సమ్మె మొదలయ్యాక జర్మన్ ఆక్రమణదారులు నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతానికి ఆహార రవాణా ఆపేశారు. ఆ డిసెంబరు నుంచి 1945 ఏప్రిల్ దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో మనిషికి రోజుకు అందిన రేషన్ 400 నుంచి 800 కిలో కేలరీలే. మే నెలలో విముక్తి వచ్చాక తిండి మళ్లీ త్వరగానే దొరికింది. అంటే ఆ కరువుకు మొదలూ చివరా స్పష్టంగా ఉన్నాయి. ఆ రోజుల్లో కడుపులో ఉన్నవాళ్లకు యాభై ఏళ్ల వయసులో విశ్రాంతిగా బీపీ కొలిస్తే, మిగతావాళ్లకూ వీళ్లకూ తేడా కనపడలేదు. 58 ఏళ్ల ప్రాంతంలో సుమారు 720 మందికి ఒత్తిడి పరీక్ష, అంటే మనసుకు ఒత్తిడి తెచ్చే పనులు చేయిస్తూ బీపీ కొలిచే పరీక్ష, పెట్టినప్పుడు, గర్భం తొలి నెలల్లో కరువు తగిలినవాళ్ల పై బీపీ మిగతావాళ్లకంటే సుమారు 4 మి.మీ. ఎక్కువ పెరిగింది. మధ్య నెలల్లో, చివరి నెలల్లో తగిలినవాళ్లలో ఆ తేడా లేదు.

ఇలాంటి అధ్యయనం మీ కాలేజీలోనో, మీ క్షేత్ర ప్రాంతంలోనో చేయాలనుకుంటే ఏం చేయాలో వరసగా చెబుతాం. ఫిజియాలజీ, కమ్యూనిటీ మెడిసిన్, పోషకాహార విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. ఇంట్లో సొంతంగా చేసుకునేది కాదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, గదిలో ఒక వైద్యుడు తప్పనిసరి.

1. ముందు తేదీలు తేల్చుకోండి

కరువు ఎప్పుడు తగిలిందన్నదే ఇక్కడ అసలు కొలత. ఆమ్‌స్టర్‌డామ్‌లో నియమం ఇలా పెట్టుకున్నారు: గర్భకాలంలో ఏవైనా 13 వారాల పాటు తల్లికి అందిన రేషన్ సగటు రోజుకు 1000 కిలో కేలరీలకు తగ్గితే, ఆ బిడ్డకు కరువు తగిలినట్టు. దాని ప్రకారం 1945 జనవరి 7 నుంచి ఏప్రిల్ 28 లోపు పుట్టినవాళ్లు చివరి నెలల జట్టు, ఏప్రిల్ 29 నుంచి ఆగస్టు 18 దాకా మధ్య నెలల జట్టు, ఆగస్టు 19 నుంచి డిసెంబరు 8 దాకా తొలి నెలల జట్టు. పోలిక కోసం కరువుకు ముందే పుట్టినవాళ్లనూ, కరువు పోయాక కడుపున పడ్డవాళ్లనూ తీసుకున్నారు. ఇలా రెండు వైపులా తీసుకోవడం చాలా తెలివైన పని. ఒక వైపువాళ్లు వయసులో పెద్ద, ఇంకో వైపువాళ్లు చిన్న, కాబట్టి వయసు వల్ల వచ్చే తేడా చాలావరకు సర్దుకుంటుంది.

పుట్టిన బరువును కరువుకు బదులు కొలతగా వాడకండి. ఆ నగరంలో బరువు బాగా తగ్గి పుట్టింది చివరి నెలల్లో కరువు తగిలిన పిల్లలు. తొలి నెలల్లో తగిలినవాళ్లు, ఆ తర్వాత తల్లులకు తిండి దొరకడంతో, మామూలు బరువుతోనే పుట్టారు. బీపీ ఎగసినది మాత్రం వీళ్లకే. 2500 గ్రాముల గీత గీసి జట్లు విడదీస్తే, మీరు వెతుకుతున్న మనుషులంతా మామూలు జట్టులోకి వెళ్లిపోతారు.

మన ఊళ్లలో పుట్టిన తేదీ దగ్గరే మొదటి దెబ్బ తగులుతుంది. నలభై దాటినవాళ్ల స్కూల్ సర్టిఫికెట్ మీద జూన్ 1, జూలై 1 అని కుప్పలు తెప్పలుగా కనిపిస్తాయి. బళ్లో చేర్చిన రోజు హెడ్మాస్టరు రాసిన తేదీలవి. మూడు నెలల తేడా వచ్చిందంటే తొలి నెలల జట్టు కాస్తా మధ్య నెలల జట్టు అయిపోతుంది. ఆసుపత్రి రికార్డు ఉంటే అదే తీసుకోండి. లేకపోతే తల్లిని, ఆమె లేకపోతే మేనత్తనో పెద్దమ్మనో, అందరికీ గుర్తుండే సంఘటన పట్టుకుని అడగండి. దివిసీమ వైపు అయితే 1977 నవంబరు 19 ఉప్పెన ఉంది: "అమ్మా, ఉప్పెన నాటికి మీ వాడు కడుపులో ఉన్నాడా, చంకనెక్కాడా?" ఆ పైన ఏ పండగకు దగ్గర, కోతల ముందా తర్వాతా అని అడిగితే నెల వరకూ తేలుతుంది. పుట్టిన తేదీ నుంచి 280 రోజులు వెనక్కి లెక్కేస్తే చివరి నెలసరి తేదీ వస్తుంది. నెల కూడా తేలనివాళ్లను నెలల వారీ విశ్లేషణలోంచి తీసేయండి. ఊహించి ఏదో ఒక జట్టులో వేయకండి.

హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో 1987-90 మధ్య జరిగిన పోషకాహార ప్రయోగం మనకు దగ్గరి ఉదాహరణ. కొన్ని ఊళ్లలో గర్భిణులకు రోజుకు సుమారు 500 కిలో కేలరీలు, 20-25 గ్రాముల ప్రోటీన్ ఇచ్చే ఆహారం, చిన్న పిల్లలకు సుమారు 300 కిలో కేలరీల ఆహారం అందింది. మిగతా ఊళ్లకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, ఆహారం అందిన ఊళ్లవాళ్ల రక్తనాళాల బిరుసు కొంచెం తక్కువగా ఉంది, బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక్కడా విశ్రాంతి బీపీ నోరు విప్పలేదు. పైగా ఆహారం గర్భంలోనూ బాల్యంలోనూ రెండు దశల్లో అందింది కాబట్టి, ఫలితం ఏ దశదో విడదీయలేం. మీ అధ్యయనం ఏ పథకం మీద ఆధారపడినా ఈ ముడి విప్పగలరా అని మొదటే చూసుకోండి.

2. ఎంతమంది కావాలి

థీసిస్‌లలో మామూలుగా కనిపించే "30 మంది ఇటు, 30 మంది అటు" ఇక్కడ పనికిరాదు. లెక్క సులువే: ఒక్కో జట్టుకు కావలసిన సంఖ్య సుమారుగా 16 × ప్రామాణిక విచలనం వర్గం ÷ తేడా వర్గం (ప్రామాణిక విచలనం అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె). పెరుగుదల ప్రామాణిక విచలనం 15 మి.మీ. అనుకుని, 4 మి.మీ. తేడా పట్టాలంటే 16 × 225 ÷ 16, అంటే జట్టుకు 225 మంది. అదీ ఆ తేడా నిజంగా ఉంటే పట్టుబడే అవకాశం 80 శాతమే. 30 మందితో పట్టగలిగేది సుమారు 11 మి.మీ. తేడా. అంత తేడా ఆమ్‌స్టర్‌డామ్‌లోనే రాలేదు. తక్కువ మందే దొరికితే దాన్ని పద్ధతి పరీక్షగా చెప్పుకోండి, "తేడా లేదు" అని ముగింపు మాత్రం రాయకండి.

3. గది, సామాను

ఒక గది, తలుపు మూసుకునేది. ఉష్ణోగ్రత 24-26 డిగ్రీలు. మే నెలలో ఫ్యాన్ కింద చేసినవీ డిసెంబరులో చేసినవీ కలిపితే ఏ కొలత ఎండది, ఏ కొలత మనిషిది అన్నది తేలదు. కరెంటు పోతే ఆ రోజు కొలత వదిలేయండి.

ప్రతి గుండె కొట్టుకూ బీపీ చెప్పే వేలి కఫ్ యంత్రం ఉంటే మంచిది, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాడింది ఆ రకమే. చేతివేళ్లు చల్లబడితే అది సరిగ్గా పట్టదు, ముందే చెయ్యి వెచ్చగా ఉందో లేదో చూడండి. అది దొరక్కపోతే, ప్రమాణ పరీక్ష నెగ్గిన భుజం కఫ్ డిజిటల్ యంత్రం చాలు. ఒక్కో కొలతకు అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది కాబట్టి 5 నిమిషాల పనిలో మూడు కొలతలు వస్తాయి.

కఫ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. లోపలి గాలి సంచి పొడవు భుజం చుట్టుకొలతలో కనీసం 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. చిన్న, మధ్య, పెద్ద మూడు సైజులూ కొనండి, టేపుతో ప్రతి ఒక్కరి భుజం కొలవండి. సన్నటి చేతికి మధ్య సైజు కఫ్ కడితే బీపీ తక్కువ చూపిస్తుంది, లావు చేతికి అదే కడితే ఎక్కువ చూపిస్తుంది. పోషకాహారం అందని జట్టులో సన్నటి చేతులు ఎక్కువగా ఉంటే ఈ పొరపాటు రెండు జట్ల మీదా సమంగా పడదు. ఒక్క జట్టు బీపీనే కిందికి లాగి, ఉన్న తేడాను మాయం చేస్తుంది.

ఇవి కాక: చెయ్యి ఆనించే బల్ల, స్టాప్‌వాచ్, నిలువు అద్దం ఒక అడుగు చదరం, చేతిని దాచే అట్టముక్క, ఆరు కోణాల నక్షత్రం జంట గీతలతో అచ్చు వేసిన కాగితాలు, ల్యాప్‌టాప్, ఫోన్ కెమెరా.

4. మూడు పనులు

మొదటిది రంగుల పని. తెర మీద ఒక రంగు పేరు వేరే రంగు సిరాతో కనిపిస్తుంది, అక్షరాలు ఏం చెబుతున్నా సిరా రంగు బటన్ నొక్కాలి. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ వాడండి. ఉత్త "పచ్చ" అని పెట్టకండి, చాలా ఇళ్లలో పసుపునూ పచ్చ అనే అంటారు, అప్పుడు తప్పు మనిషిది కాదు, మీ పరీక్షది. జవాబు నోటితో చెప్పించకండి. మాట్లాడటమే బీపీని పెంచుతుంది, అది ఒత్తిడి పెంచినదానితో కలిసిపోతుంది. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉందేమో ముందే చూడండి.

చదువు రానివాళ్లకు ఈ పని అస్సలు సరిపోదు. అక్షరాలు చదవలేనివారికి అక్కడ గందరగోళమే ఉండదు. చదువు రానివాళ్లు మీ నమూనాలో పదిమందికి మించి ఉంటే, అందరికీ దీన్ని మానేసి లెక్కల పని పెట్టండి: 500 నుంచి మూడేసి తీసేస్తూ పోవడం, తప్పు చేస్తే మళ్లీ మొదటికి. ఇది నోటితో చెప్పేది కాబట్టి, దానికి ముందు రెండు నిమిషాలు ఒకటి నుంచి అంకెలు మామూలుగా చెప్పించి బీపీ తీసుకోండి. మాట వల్ల పెరిగిందెంతో తెలుస్తుంది.

రెండోది అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం. చేతిని నేరుగా చూడకూడదు, గీత దాటితే పక్కన కూర్చున్నవారు బల్ల మీద టక్కున కొట్టాలి. దీనికి చదువు అక్కర్లేదు, మాట అక్కర్లేదు. మా దృష్టిలో మన ఊళ్లకు మూడింటిలో ఎక్కువ నమ్మదగినది ఇదే. కుడిచేతివాటం వాళ్లకు కఫ్ ఎడమ చేతికి కట్టండి.

మూడోది ప్రసంగం. ఆమ్‌స్టర్‌డామ్‌లో జేబు కొట్టావన్న అబద్ధపు నింద పడినట్టు ఊహించుకుని తమ వాదన చెప్పమన్నారు. రెండు నిమిషాలు ఆలోచన, మూడు నిమిషాలు మాట, ఎదురుగా కెమెరా. ఇక్కడ ఆ దొంగతనం కథ వాడొద్దు. పేద కులాలవాళ్ల మీద, తరతరాలుగా ఆ ముద్ర మోసిన సంచార తెగలవాళ్ల మీద చదువుకున్న మనిషి దొంగతనం మోపితే అది పరీక్ష కాదు, అవమానం. "రేషన్ కార్డులోంచి మీ పేరు అన్యాయంగా తీసేశారు, తహసీల్దారు ముందు మీ వాదన వినిపించండి" అనండి. అందరికీ తెలిసిన కష్టమే, గుండె ఎగరడానికి అది చాలు. ప్రసంగం వినడానికి మీ తరఫున ఎదుట కూర్చున్న ఇద్దరూ ముఖంలో ఏ భావం చూపకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే "ఊఁ" కొట్టడం, తల ఊపడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఒక్క తల ఊపుతో ఒత్తిడి సగం దిగిపోతుంది. వాళ్లకు ముందే సాధన చేయించండి.

ఎంత పెరుగుతుందని ఆశించాలి? ఆమ్‌స్టర్‌డామ్ సగటు చూస్తే పై బీపీ రంగుల పనిలో సుమారు 20, అద్దం పనిలో 30, ప్రసంగంలో 47 మి.మీ. పెరిగింది. మీ పైలట్‌లో, అంటే ముందుగా కొద్దిమందితో చేసి చూసుకునే పరీక్షలో, ప్రసంగానికి 10 మి.మీ. మాత్రమే పెరిగితే మనుషులను అనుమానించకండి, గదిలో నవ్వులు వినిపించాయేమో చూడండి.

5. ఎవరిని పక్కన పెట్టాలి, ఎప్పుడు ఆపాలి

గర్భిణులు, గత ఆరు నెలల్లో గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవాళ్లు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు, ఆ రోజు విశ్రాంతి బీపీ 160/100 దాటినవాళ్లు వద్దు. 180/110 దాటితే అదే రోజు వైద్యుడి దగ్గరకు పంపండి. పరీక్ష మధ్యలో 220/120 దాటినా, ఛాతీలో బరువు, తల తిరగడం, గట్టి తలనొప్పి అన్నా వెంటనే ఆపేయండి. ఈ హద్దులను ఇంకా తగ్గించాలని గదిలోని వైద్యుడు అంటే ఆయన మాటే చెల్లుతుంది.

బీపీ మాత్రలు మీ పరీక్ష కోసం ఆపించొద్దు. పేరు, మోతాదు, ఎన్నింటికి వేసుకున్నారు అన్నది రాసుకోండి. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి గుండె వేగాన్ని అణిచేస్తాయి కాబట్టి వాళ్ల ఫలితాలను విడిగా కూడా విశ్లేషించాలి.

6. ఆ రోజు వరస

అందరికీ ఒకే పూట పెట్టండి. తేలికపాటి టిఫిన్, రెండు మూడు ఇడ్లీలు, కనీసం రెండు గంటల ముందు తినాలి. అప్పటి నుంచి కాఫీ, టీ, బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ వద్దు. ఏకాదశి, రంజాన్ ఉపవాసాల్లో ఉన్నవాళ్లకు తేదీ మార్చండి. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చిన మనిషిని అరగంట నీడన కూర్చోనివ్వాలి. బాత్రూంకి వెళ్లి రమ్మని మీరే చెప్పండి, మొహమాటంతో చాలామంది అడగరు, నిండిన మూత్రాశయం బీపీని పెంచుతుంది.

వీపు ఆనించి, పాదాలు నేలమీద, కాలు మీద కాలు లేకుండా కూర్చోబెట్టండి. కఫ్ గుండె ఎత్తున ఉండాలి. చెయ్యి గుండెకంటే 10 సెంటీమీటర్లు కిందుంటే 7-8 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. మీరు వెతికే తేడాకు దాదాపు రెట్టింపు.

20 నిమిషాలు విశ్రాంతి, 12, 15, 18 నిమిషాల దగ్గర కొలతలు. తర్వాత 5 నిమిషాలు మొదటి పని, 1వ, 3వ నిమిషాల దగ్గర, 5వ నిమిషం ముగియక ముందే కొలతలు మొదలవ్వాలి. 6 నిమిషాల విరామం. 5 నిమిషాలు అద్దం పని. 2 నిమిషాల విరామం. 5 నిమిషాలు ప్రసంగం, ఆలోచించే సమయాన్ని కలిపి. ఆ తర్వాత 30 నిమిషాలు ఊరికే కూర్చోవడం, ప్రతి 5 నిమిషాలకూ ఒక కొలత. మొత్తం గంటా పావు. ఆఖరి అరగంటను కుదించొద్దు. ఎంత ఎగిరిందన్నది ఒక సంగతి, ఎంతసేపటికి దిగిందన్నది ఇంకో సంగతి.

కొలిచే మనిషికి ఎదుటివారు ఏ జట్టో తెలియకూడదు. "మీ అమ్మ పస్తులున్నప్పుడు మీరు కడుపులో ఉన్నారు కాబట్టి..." అని ఎవరైనా నోరు జారితే ఆ కొలత పోయినట్టే.

లాలాజలంలో కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) కూడా చూడాలా? డబ్బు బాగా ఉంటే చూడండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒత్తిడికి కార్టిసాల్ స్పందనలో జట్ల మధ్య తేడా రాలేదు. ఆ డబ్బుతో ఇంకో యాభై మందిని పిలవడం మేలు.

7. లెక్క

ఒక మనిషి విశ్రాంతి సగటు 126, అద్దం పని సగటు 154 అనుకుందాం, పెరుగుదల 28. ప్రతి పనికీ విడిగా, మూడింటికీ కలిపి తీసుకోండి. కానీ జట్లను పోల్చేటప్పుడు ఉత్త తీసివేత మీద ఆగకండి, విశ్రాంతి బీపీని కోవేరియేట్‌గా, అంటే దాని ప్రభావం సర్దడానికి లెక్కలో కలిపే అంకెగా, పెట్టి ఒత్తిడి బీపీని రిగ్రెషన్‌లో పోల్చండి. వయసు, స్త్రీ పురుష భేదం, మందులు తప్పకుండా ఉండాలి. ఇప్పటి బీఎంఐ, పొగతాగడం లాంటివి గర్భంలోని కరువుకూ నేటి బీపీకీ మధ్య మెట్లు కావచ్చు, వాటిని కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి చేసి రెండూ చూపండి.

పని ఎలా చేశారో కూడా లెక్కలోకి రావాలి: సరైన జవాబులు, తప్పులు, గీత దాటిన సార్లు, "ఎంత కష్టపడ్డారు" అన్నదానికి 1 నుంచి 5 మార్కులు. ఇది అలంకారానికి కాదు. ఆమ్‌స్టర్‌డామ్ జట్టులోనే తొలి నెలల్లో కరువు తగిలినవాళ్లు రంగుల పనిలో వెనకబడ్డారు. పని ఎక్కువ కష్టమైనందుకు బీపీ ఎగిరిందా, రక్తనాళాలూ నాడులూ అలా తయారై ఉన్నందుకు ఎగిరిందా అన్నది ఈ అంకెలు లేకుండా తేల్చలేరు. అలాగే తక్కువ స్పందన అంటే మంచి ఆరోగ్యమని రాసేయకండి. చేయడం మానేసి ఊరికే కూర్చున్న మనిషి బీపీ కూడా పెరగదు.

ఓ ఇరవై మందికి రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష పెట్టండి. కొత్తదనం పోవడంతో రెండోసారి పెరుగుదల మామూలుగా తగ్గుతుంది. సగటు తగ్గినా మనుషుల వరస అటూ ఇటూగా అదే ఉంటే మీ కొలత నిలబడ్డట్టు, వరసే తారుమారైతే పద్ధతిలో ఏదో లోపం ఉంది.

8. చేతికిచ్చే చీటీ

పరీక్ష అయ్యాక రేషన్ కార్డు కథ ఉత్తదేనని, ఎదుట కూర్చున్నవాళ్లు కావాలనే ముఖం బిగించారని చెప్పి, వీడియో ఉంచాలా తుడిచేయాలా అడగండి. చీటీ మీద విశ్రాంతి బీపీ సగటు మాత్రమే రాయండి. అది 140/90 దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇంకో రెండు రోజులు వేర్వేరుగా చూపించుకోమనండి. ప్రసంగం మధ్యలో వచ్చిన 185 చీటీ మీద కనబడకూడదు. ఆ అంకె పట్టుకుని సాయంత్రానికే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు మొదలుపెట్టేస్తారు. మా అమ్మ తిండి తినకపోవడం వల్లేనా ఇదంతా అని ఎవరైనా అడిగితే, 4 మి.మీ. అన్నది వందలమంది సగటులో కనిపించిన తేడా, ఒక్క మనిషి బీపీ చూసి కారణం చెప్పడం కుదరదు అనండి. ఆ తల్లి చాలాసార్లు పక్క బెంచీ మీదే కూర్చుని వింటూ ఉంటుంది.